ఆకులు పరిచిన ఏరు

ఈ తొట్టి నీళ్లలో పచ్చటి మొక్క ఒక్కటి కూడా లేదు. రంగురాళ్లు లేవు, బుడగలు వదిలే బొమ్మల్లేవు, వెనక అద్దానికి అంటించిన పగడాల పోస్టరూ లేదు. డికాక్షన్ రంగు నీళ్లు, అడుగున ఎండుటాకులు, పైనుంచి దిగిన వేళ్లు, ముప్పాతిక భాగం నీడ. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు మొహమాటపడుతూనే అడుగుతారు, నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందని. కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుంటే ఆ నీడలో ఒక నీలం గీత వెలుగుతుంది. దాని వెనకే ఇంకో ఇరవై, ముప్ఫై. ఇక అక్కణ్ణుంచి ప్రశ్నలు మారిపోతాయి.

రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన మా బాబాయి సికింద్రాబాద్‌లో తన ఇంటి హాల్లో కట్టుకున్న అక్వేరియం ఇది. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది మధ్యభాగంలో, బార్సెలోస్ పట్టణం చుట్టుపక్కల అడవిలో పారే చిన్న ఏరుల్లో ఒకదాన్ని మనసులో పెట్టుకుని చేశాడు. అక్కడివాళ్లు ఇలాంటి ఏరును ఇగరపే అంటారు. ఒక చోటును తీసుకుని, అక్కడి ఇసుక, కట్టె, నీటి గుణం, వెలుతురు, చేపలు వీలైనంత నిజంగా తెచ్చిపెట్టే ఈ పద్ధతికి బయోటోప్ అక్వేరియం అని పేరు. ఇలాంటివి నేను కొన్ని చూశాను. చాలావాటిలో చేపల జాబితా సరిగ్గా ఉంటుంది, ఏరు మాత్రం ఉండదు. బాబాయి చేసిన దాంట్లో ఏరు ఉంది. అది ఎలా కుదిరిందో దగ్గరగా చూడాలనే ఈ వ్యాసం.

ముందు ఆ నీళ్ల సంగతి. అమెజాన్ పరీవాహకంలో నదులు మూడు రంగులని ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1853లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు: తెల్లనీటివి, నీలినీటివి, నల్లనీటివి. 1850 నుంచి 1852 దాకా ఆయన రియో నీగ్రో వెంబడి తిరిగాడు. తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్ మధ్యలో ఓడ తగలబడి సేకరణలో చాలాభాగం పోయింది కానీ, ఆ నది చేపలకు పెన్సిల్‌తో గీసిన బొమ్మలు రెండు వందలకు పైగా బతికి బయటపడ్డాయి. నల్లనీటి నదుల్లో రియో నీగ్రోదే పెద్దపీట. మనౌస్ దగ్గర అది మట్టిరంగు సోలిమోయిస్ నదిని కలిసేచోట రెండు నీళ్లూ సుమారు ఆరు కిలోమీటర్ల మేర కలవకుండా పక్కపక్కనే పారతాయి.

ఆ నలుపు మురికి వల్ల వచ్చింది కాదు. రియో నీగ్రో పరీవాహకంలో చాలాచోట్ల నేల తెల్ల ఇసుక. బంకమన్ను లేని ఆ నేల కుళ్లిన ఆకుల్లోంచి దిగే హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలను పట్టి ఉంచలేదు. అవి వాననీటితో నేరుగా ఏరులోకి దిగిపోతాయి. దాంతో నీళ్లకు టీ రంగు, పీహెచ్ నాలుగు, ఐదు దగ్గర. కరిగిన లవణాలు మన ఇళ్లలో ఆర్‌వో మెషీన్ ఇచ్చే తాగునీటిలోకన్నా తక్కువ. అంత పలచటి నీళ్లలో నాచు అంతగా పెరగదు, ఆ రంగులో వెలుతురు లోపలికి దిగదు కాబట్టి నీటి మొక్కలూ పెద్దగా ఉండవు. మరి అన్ని చేపలు ఏం తిని బతుకుతున్నాయి?

ఈ ప్రశ్నకు మంచి జవాబు 1986లో వచ్చింది. పీటర్ హెండర్సన్, ఇల్జా వాకర్ అనే ఇద్దరు పరిశోధకులు మనౌస్ దగ్గరి తరుమాజిన్యో అనే నల్లనీటి ఏట్లో మునిగి ఉన్న ఆకు మేటల్ని పరిశీలించారు. అడవి రాల్చిన ఆకు మీద మొదట బూజు పడుతుంది. ఆ బూజును, దానితోపాటు చివికిన ఆకును దోమల్లాంటి చిన్న ఈగల లార్వాలు, బుల్లి రొయ్యలు తింటాయి. వాటిని చేపలు తింటాయి. ఆ చేపల్లో చాలా జాతులు వేలెడంత కూడా ఉండవు, వాటి బతుకంతా ఆ ఆకు పొరల మధ్యే. అంటే ఏటికి అన్నం పెట్టేది గట్టున ఉన్న అడవి.

బాబాయి పనితనమంతా ఈ ఒక్క సంగతిని పట్టుకోవడంలో ఉంది. ఆయన తొట్టిని చేపలతో మొదలుపెట్టలేదు, ఆకులతో మొదలుపెట్టాడు.

ఆకులంటే బజారులో అందరూ చెప్పేది బాదం ఆకు. మన బళ్ల ఆవరణల్లో, ఆసుపత్రుల ముందు గొడుగులా పెరిగే ఈ నాటు బాదం చెట్టు ఆకుల్ని ఇప్పుడు ప్రపంచమంతా ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. రంగు బాగా దిగుతుంది, చేపలకు మంచిదని పేరు. బాబాయి కూడా కొన్ని వాడాడు. కానీ తొట్టిలో ఎక్కువ భాగం జామాకు. పెరట్లో పిన్ని పెంచిన జామచెట్టుదే. జామ పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. బాదం మన ఆసియా వైపుది. దక్షిణ అమెరికా ఏరు కట్టాలంటే ఆన్‌లైన్ ప్యాకెట్టుకన్నా పెరటి జామాకే నిజానికి దగ్గరన్నమాట. ఇది తెలిసి చేసిన ఎంపికే. ఇంకో కారణం కొలత. బాదం ఆకు జానెడు దాటుతుంది, నాలుగు సెంటీమీటర్ల చేప పక్కన అది చాపంత కనిపించి చూపును లాగేస్తుంది. జామాకు పొడవూ ముదురు ఈనెలూ ఆ చేపల పక్కన ఇమిడిపోతాయి.

పచ్చి ఆకు వేయడు. చెట్టు తనంతట తాను రాల్చింది, బాగా ఎండింది మాత్రమే ఏరుకుంటాడు. పచ్చి ఆకులో పసరు మిగిలి ఉండి నీళ్లను కుళ్లబెడుతుంది. పురుగుమందు కొట్టిన చెట్టుదైతే ముట్టుకోడు. ఏరిన ఆకుల్ని కడిగి, మరిగే నీళ్లు పోసి మూతపెట్టి నాననిస్తాడు. అప్పుడు గానీ అవి మునగవు. వేసినవన్నీ ఒకే వయసువి కావు. తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని చూస్తే పైపొరలో ఇటీవలి ఆకు చాక్లెట్ రంగులో నిగనిగలాడుతూ, అంచులు పైకి వంగి ఉంటుంది. దాని కింద ఆకు మెత్తబడి నేలకు అంటుకుని ఉంటుంది. ఇంకా కింద ఈనెలు మాత్రమే మిగిలిన వల, ఆ వల సందుల్లో నుసి. బాదం ఆకు తొందరగా వల అయిపోతుంది, జామాకు చాలాకాలం నిలుస్తుంది. ఆ తేడానూ వాడుకున్నాడు. పాతవి తీసేయడు, పైన అప్పుడప్పుడు గుప్పెడు కొత్తవి రాలుస్తాడు. అడవి చేసే పనీ అదే.

ఆ ఆకుల్ని ఆయన చేత్తో పేర్చలేదు. ఈ తొట్టిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇది. ఫిల్టర్ నుంచి నీళ్లు వచ్చే గొట్టాన్ని ఎడమవైపు పెద్ద కట్టె వెనక దాచి, ముందు అద్దం వెంబడి మెల్లగా పారేట్టు తిప్పాడు. నానిన ఆకులన్నీ ఒకేసారి వదిలి, పంపు వేసి, వాటి జోలికి పోకుండా ఊరుకున్నాడు. నీళ్లు ముందుభాగంలో ఇసుకను నాలుక ఆకారంలో ఊడ్చేశాయి. ఆకులు వేళ్లకు తట్టుకుని ఆగాయి, కట్టె చాటున వడి తగ్గినచోట గుట్టపడ్డాయి. కొన్ని ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా వాలి, కింద చేప దూరేంత సందు మిగిలింది. ఏటి ఒడ్డున నిలబడి చూసినవాడికి ఈ అమరిక కొత్త కాదు. మనిషి చెయ్యి ఎంత జాగ్రత్తగా పేర్చినా ఆకుల మొనలు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి. ఇక్కడ ఎక్కువ ఆకుల తొడిమలు ప్రవాహానికి ఎదురుగా ఉన్నాయి. కన్ను ఆ తేడాను లెక్కపెట్టకుండానే పట్టేస్తుంది. ఇది పారే నీరు అని నమ్ముతుంది.

కట్టెల సంగతి కూడా ఇలాగే. దుకాణాల్లో అక్వేరియం కట్టె అడుగు నుంచి పైకి, చెట్టు మొలిచినట్టు నిలబెట్టి అమ్ముతారు. అడవి ఏట్లో కట్టె పైనుంచి కిందికి వస్తుంది. గట్టు కోసుకుపోయి బయటపడ్డ వేళ్లు, విరిగి పడ్డ కొమ్మలు. బాబాయి జామ కొమ్మల్నే ఎండబెట్టి, బెరడు ఒలిచి, ఉడకబెట్టి వాడాడు. లావుపాటి మొదలు తొట్టి అంచు దాటి పైకి వచ్చి గాలిలో ఆగుతుంది. నీళ్లలోకి దిగేకొద్దీ బొటనవేలి లావు, ఆపైన పెన్సిలంత, చివర దారపు పోగుల్లాంటి సన్న వేళ్లు. ఈ మూడు లావులూ క్రమం తప్పకుండా ఉండబట్టే అతుకులు కనిపించవు. జిగురు ఎక్కడా లేదు. ఒక కొమ్మ పంగలో ఇంకోదాన్ని ఇరికించాడు, తేలకుండా అడుగు కొసను చదునురాయికి కట్టి రాయిని ఇసుకలో పాతిపెట్టాడు. రాయి పైకి కనిపించకూడదు, ఎందుకంటే ఆ ఇసుక ఏటి అడుగున రాళ్లుండవు.

తొట్టిలో పోసిన ఇసుక గూడూరు వైపునుంచి గాజు పరిశ్రమకు వెళ్లే తెల్ల సిలికా ఇసుక. మామూలు ఏటి ఇసుకలో గుల్ల ముక్కలు, సున్నపు రవ్వలు కలిసి ఉంటే అవి నెమ్మదిగా కరిగి నీళ్ల గట్టిదనాన్ని, అంటే కఠినత్వాన్ని, పెంచుతాయి. చిటికెడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి, నురగ రాకపోతేనే వాడాలి. మందం రెండు సెంటీమీటర్లు మించలేదు. మందంగా పోస్తే అడుగున గాలి ఆడక ఇసుక నల్లబడి కుళ్లు వాసన పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. అక్వేరియంను కళగా ప్రపంచం గుర్తించిందంటే అందులో జపాన్‌కు చెందిన తకాషి అమానోది పెద్ద వాటా. లిస్బన్ ఓషనేరియంలో 2015లో ఆయన చేసిన చివరి పెద్ద పని నలభై మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల నీరు. ఆ సంప్రదాయంలో చిన్న రాయి కొండ అవుతుంది, నాచు పచ్చికబయలు అవుతుంది. చూసేవాడికి దూరపు ప్రకృతి దృశ్యం కనిపించాలి. బయోటోప్ పనివాడికి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ ఆకు ఆకే, చేప చేపే, అంతా అసలు కొలత. ఏటి గట్టులో నాలుగడుగుల ముక్క కోసి అద్దం బిగించినట్టు ఉండాలి. అందుకే తొట్టిని నిండా నింపలేదు. పైన పావు వంతు ఖాళీ. ఆ ఖాళీలో ఫిలోడెండ్రాన్ తీగ నాటాడు, దాని గాలివేళ్లు నీళ్లలోకి వేలాడుతున్నాయి. మనీ ప్లాంట్ అయితే ఇంకా తేలిగ్గా పెరిగేది కానీ దాని సొంత ఊరు పసిఫిక్ దీవులు. ఫిలోడెండ్రాన్‌ది అమెరికా ఉష్ణమండలం. ఈ తేడా ఎవరూ అడగరు. ఆయన మాత్రం వదల్లేదు.

నీళ్ల రంగు చూసి చాలామంది పొరబడతారు, నాలుగు బాదం ఆకులు వేస్తే అమెజాన్ నీళ్లు వచ్చేస్తాయని. హైదరాబాదు బోరు నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా రంగు దిగుతుందే తప్ప పీహెచ్ కదలదు. ఆ నీళ్లలోని కార్బొనేట్లు ఆకు వదిలిన ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తాయి. రంగు వేరు, గట్టిదనం వేరు. బాబాయి ముందు గట్టిదనం తీసేశాడు. ఆర్‌వో నీళ్లనే వాడతాడు, బోరు నీళ్లు చుక్క కూడా కలపడు. ఆ నీళ్లలో ఆకులు నానబెట్టి, తయారైన నీటితోనే వారం వారం కొద్దికొద్దిగా మారుస్తాడు. పీహెచ్ ఐదు, ఐదున్నర మధ్య నిలబడింది.

అంత పుల్లటి నీళ్లకు తమ ప్రమాదాలు తమకున్నాయి. చేపల వ్యర్థాల్లోని అమోనియాను విరగ్గొట్టే బాక్టీరియా అక్కడ మందగిస్తుంది. అదృష్టవశాత్తూ పీహెచ్ ఆరుకన్నా తక్కువైతే అమోనియా దాదాపు అంతా అమోనియం రూపంలో ఉండిపోతుంది, అది చేపకు అంత విషం కాదు. కానీ ఎవరైనా పొరపాటున బకెట్టు బోరు నీళ్లు పోశారంటే పీహెచ్ ఎగబాకుతుంది, నిద్రపోతున్న అమోనియం మళ్లీ విషమవుతుంది. అందుకే తొట్టిలో చేపలు తక్కువ, మేత తక్కువ, ఆర్‌వో డబ్బా మీద పెద్దక్షరాలతో చీటీ.

వెలుతురు ఒకే ఒక్క చిన్న ఎల్ఈడీ. అది కూడా ముందు ఎడమ మూలకు తిప్పి, ఫిలోడెండ్రాన్ ఆకుల సందులోంచి పడేట్టు పెట్టాడు. వెలుగు మచ్చలుగా ఇసుక మీద పడుతుంది. కుడివైపు వేళ్ల గుంపు చీకట్లోనే ఉంటుంది. దుకాణాల్లో తెల్లటి లైట్ల కింద కార్డినల్ టెట్రాలు పాలిపోయి, బెదిరి ఉంటాయి. ఇక్కడ అవి నీడలోంచి మచ్చలోకి, మచ్చలోంచి నీడలోకి తిరుగుతుంటాయి. ప్రతి మలుపులోనూ వాటి ఒంటి గీత రంగు మారుతుంది. ఆ నీలం వర్ణద్రవ్యం కాదు. చర్మ కణాల్లో గ్వానిన్ స్ఫటికాల పలకలు పొరలు పొరలుగా అమరి ఉంటాయి, ఆ పొరల మధ్య ఎడాన్ని బట్టి ఏ రంగు వెనక్కి తిరిగి వస్తుందో తేలుతుంది. రాత్రి లైటు తీశాక చూస్తే ఆ గీత వెలిసిపోయి ఉంటుంది. ఎరుపు మాత్రం వర్ణద్రవ్యమే. నల్లనీళ్లలో నీలం కాంతి ముందుగా మాయమవుతుంది, ఎరుపు కాంతి లోతుకు వెళ్తుంది. ఆ గోధుమరంగు మసకలో ఎర్రటి పొట్ట, పైన నీలిగీత ఎందుకంత నిండుగా కనిపిస్తాయో మామూలు తేటనీళ్ల తొట్టి ముందు నిలబడితే అర్థం కాదు.

చేపల ఎంపికలో ఆయన కాదన్నవాటి జాబితా పొడవు. నియాన్ టెట్రా వద్దు, దాని ఎరుపు ఒంటి వెనక సగానికే ఉంటుంది, అది అమెజాన్ పడమటి ఎగువ భాగాలది. రామ్ సిక్లిడ్ వద్దు, అది ఒరినోకో మైదానాలది. కాకటాయిడ్స్ ఏపిస్టోగ్రామా తేలిగ్గా దొరుకుతుంది కానీ పెరూ వైపుది. ఏంజెల్ చేప రియో నీగ్రోలో ఉన్నా కార్డినల్‌ను మింగేస్తుంది. మిగిలినవి నాలుగు జాతులు. నీటి మధ్యలో కార్డినల్స్ ముప్ఫై. ఉపరితలానికి అంటుకుని మార్బుల్డ్ హ్యాచెట్ చేపలు ఆరు, ఇవి గాల్లోకి ఎగురుతాయి కాబట్టి పైన మూత తప్పనిసరి. వేళ్ల మధ్య తల పైకెత్తి ఏటవాలుగా నిలబడే పెన్సిల్ చేపలు. ఆకుల మీద చెకర్‌బోర్డ్ సిక్లిడ్‌లు, ఒక మగది, మూడు ఆడవి. డైక్రాసస్ ఫిలమెంటోసస్ అనే ఈ చేప రియో నీగ్రో, ఒరినోకో రెండింటిలోనూ ఉంది. ఒంటి మీద నలుపు గళ్లు రెండు వరసలు. ఆకు నేల మీద కదలకుండా నిలబడితే ఎక్కడుందో కనిపించదు. మగదాని తోక కొసలు తంతుల్లా సాగి ఉంటాయి. ఒక్కో ఆకు దగ్గర ఆగి, కన్ను కిందికి తిప్పి చూసి, అంచు మీద ముద్దుపెట్టినట్టు కొరికి, నుసిని మొప్పల్లోంచి వదిలేస్తుంది. మొదటి వారాల్లో ఆకుల మీద, కట్టె మీద తెల్లటి బూజు జిగురు పట్టింది. చాలామంది అది చూసి కంగారుపడి తోమేస్తారు. ఆయన ముట్టుకోలేదు. ఈ చేపల మొదటి భోజనం అదే.

ఈ కార్డినల్ చేపలు ఎక్కడివన్నది చిన్న ప్రశ్న కాదు. 1956లో శాస్త్రీయంగా వర్ణించిన ఈ చేపే దశాబ్దాలుగా బార్సెలోస్ వాసుల బతుకుతెరువు. అక్కడ చిన్న పడవల మీద ఏరుల్లోకి వెళ్లి, చేతివలలతో పట్టేవాళ్లను పియబేరోలంటారు. ఈ చేప అడవిలో ఎక్కువకాలం బతకదు. వరద తీసినప్పుడు ఎండే మడుగుల్లో చిక్కుకుని ఏటా లెక్కలేనన్ని చనిపోతాయి. అందుకే జాగ్రత్తగా పట్టడం వల్ల ఏరుకు పెద్ద నష్టం లేదని, పైగా ఆ ఆదాయం ఉన్నంతకాలం జనం అడవి కొట్టకుండా ఉంటారని ప్రాజెక్ట్ పియాబా అనే సంస్థ వాదన. మన పోచంపల్లి చీరలకు, కొండపల్లి బొమ్మలకు ఉన్నట్టే రియో నీగ్రో అలంకార చేపలకు 2014లో బ్రెజిల్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అయినా ప్రపంచ బజారులో హేచరీల్లో పుట్టించిన చేపలు పెరిగాయి, బార్సెలోస్ చేపకు గిరాకీ తగ్గింది. బాబాయి తొట్టిలోవి కూడా హేచరీ పిల్లలే, మన దుకాణాల్లో దొరికేవి అవే. బార్సెలోస్ నుంచి వచ్చిన చేపకు రెట్టింపు ధర ఇవ్వడానికైనా సిద్ధమని ఆయన అంటాడు. ఆ మాట సబబే. ఆ నది మీద ఇష్టంతో ఏరు కట్టుకున్నవాడి డబ్బు ఆ ఏటి ఒడ్డు మనిషికి చేరడమే న్యాయం.

నాకు ఒక్కచోట అభ్యంతరం ఉంది. వెనక అద్దానికి నల్ల రంగు వేశాడు. లోతు వస్తుంది నిజమే, కానీ కుడివైపు చీకటి మరీ చదునుగా ఆగిపోతుంది. ముదురు గోధుమ రంగు వేసి ఉంటే గట్టు మట్టి ఉన్న భావన వచ్చేది. "ఇంకో వరస వేళ్లు వెనక దింపితే సరిపోతుంది, రంగు మార్చక్కర్లేదు" అన్నాడు. అదీ నిజమే కావచ్చు.

చివరగా వరద. మనౌస్ దగ్గర రియో నీగ్రో మట్టం ఏడాదిలో సుమారు పది మీటర్లు పెరిగి తగ్గుతుంది. నీరు అడవిలోకి ఎక్కినప్పుడు చాలా చేపలకు గుడ్లు పెట్టే కాలం. బాబాయి కొన్ని వారాలపాటు తొట్టి మట్టాన్ని మెల్లగా నాలుగు వేళ్లు తగ్గించాడు. ఆకుల గుట్ట పైకి తేలినంత పనైంది. తర్వాత కాస్త చల్లటి, ఆకులు నానబెట్టిన ఆర్‌వో నీళ్లు రోజుకింత పోస్తూ మట్టం పెంచాడు. చెకర్‌బోర్డ్ ఆడచేపల్లో ఒకదాని పొట్ట కింది రెక్కలు ఎర్రబడ్డాయి. అది కట్టె చాటున ఒక జామాకును శుభ్రం చేసి దాని మీద గుడ్లు పెట్టింది, దగ్గరకొచ్చిన కార్డినల్స్‌ను తరిమింది. పిల్లలు ఈదడం మొదలెట్టాక చాలావాటిని టెట్రాలు తినేశాయి. గుప్పెడు మాత్రం కింది పొరలోని ఈనెల వలల్లో దూరి మిగిలాయి. వాటికోసం ఆయన ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్ని పొదగలేదు, పొడి మేత చల్లలేదు. నుసిలో పుట్టిన కంటికానని ప్రాణులనే తిని అవి పెరిగాయి. ఇప్పుడు వాటి ఒంటి మీద గళ్లు లెక్కపెట్టొచ్చు.